నా కోపం మీద పెద్దమ్మ ప్రార్థన

ఆ కాలంలో మా బోధన్ వైపు కోపం కూడా భూమిలాగానే కొద్దిమంది పేరు మీదే ఉండేది. పటేలుకు రావచ్చు, పట్వారీకి రావచ్చు, వాళ్ల ఇంటి కుక్కలకు కూడా రావచ్చు. మాబోటి వాళ్లకు వస్తే మాత్రం దాన్ని జబ్బు కింద జమకట్టేవారు. నాకు ఆ జబ్బు పుట్టుకతోనే ఉంది. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అమ్మకు అక్క, మా పెద్దమ్మ, నన్ను పెంచింది. పటేలు చేలో నడుం విరగ్గొట్టుకుంటూనే నిజామాబాదులో మిషను బడికి పంపి చదివించింది. చదువైపోయి ఊరికి వచ్చాక, మా చుట్టుపక్కల సంఘాలను చూసే అయ్యగారు (పాస్టరు గారిని మేమంతా అట్లాగే పిలిచేవాళ్లం) ఏదో ఒక పల్లె బడిలో నన్ను పంతులమ్మగా వేస్తారని ఎదురుచూస్తున్నాం. ఆ కొలువు రాకపోతే నేనూ పెద్దమ్మ పక్కన అదే చేలో వంగాల్సిందే. సరిగ్గా అప్పుడే చాప గొడవ జరిగింది.

మా ప్రార్థన గుడిసెలో మగవాళ్ల వైపు కొత్త ఈతచాప పరిచి, ఆడవాళ్లకు పాత చాపే ఉంచారు. (పాతదంటే మర్యాదకు అంటున్నాను. మోకరిస్తే మోకాళ్లు నేరుగా మట్టికే తగిలేవి.) నేను లేచి వెళ్లి, కొత్త చాపను లాగి, చుట్టి, తెచ్చి మా వైపు పరిచాను. లాగేటప్పుడు దాని మీద సంఘపెద్ద ఒకాయన కూర్చుని ఉన్న మాట నిజమే. ఆయన లేస్తాడని ఒక క్షణం చూశాను, లేవలేదు, ఇంక నేనేం చేయను? ఆ సంగతి అయ్యగారి చెవిన పడింది. "పిల్ల చదువుకున్నదే గానీ, కోపం తగ్గినంక చూద్దాం" అన్నారట. చాప ఎవరిది అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇంకొకరి పెద్దమ్మ అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. మా పెద్దమ్మ నేరుగా దేవుడి దగ్గరికి పోయింది. అన్యాయపు న్యాయాధిపతిని రోజూ విసిగించి తన పని చేయించుకున్న విధవరాలి సంగతి ఆమె ఒక ప్రసంగంలో విన్నది. మొత్తం బైబిల్లో తనకు పనికొచ్చేది అదొక్కటే అన్నట్టు పట్టుకుంది. "గంత చెడ్డ జడ్జే ఆమె పోరు పడలేక దిగొచ్చిండట. మన దేవుడు మంచోడు గద, ఎన్నడో ఒకనాడు దిగకపోతడా" అనేది. ఇక ప్రతి బుధవారం పొద్దు వాలే వేళ, ప్రార్థన కూడికలో, అందరి ముందర, గొంతెత్తి మొదలుపెట్టేది. "ప్రభువా, ఈ పిల్ల కోపం తియ్యి. లోపల్నేం లేదు, ముక్కు మీదనే ఉన్నది. నీకు శాన కష్టం గాదు." అంతటితో ఊరుకుంటే బాగుండేది. సాక్ష్యాలు కూడా చెప్పేది. "మొన్న సోమారం బాయికాడ పక్కింటామె మీద ఎగిరింది ప్రభువా, నువ్వు సూశినవో లేదో." ఆ పక్కింటామె అక్కడే ఉండి, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది.

"ఇంట్ల చేసుకోరాదా పెద్దమ్మా, నలుగుర్ల నా ఇజ్జత్ తీసుడెందుకు?" అని నేను ఇంటికొచ్చి పళ్లు నూరేదాన్ని. "ఒక్కదాన్ని అడుగుతే ఇంటలేడు బిడ్డా. అందరం కలిస్తే జర సప్పుడన్న అయితది" అనేది, పొయ్యి ఊదుకుంటూ. ఆమె ప్రార్థించిన కొద్దీ నా కోపం పెరిగింది. బుధవారం వస్తుందంటే మంగళవారం నుంచే తల వేడెక్కేది. పంటి కింద రాయిలా ఆ ఆమెన్‌లు ఇప్పటికీ తగులుతుంటాయి.

బోధన్‌లో చక్కెర కార్ఖానా లేస్తున్న రోజులవి. కాలువ నీళ్లు కూడా వచ్చేసరికి, మా పటేలుకు చెరుకు పిచ్చి పట్టింది. చెరుకు ఆయనది, చక్కెర ఎవరో తినేది, నడుములు మాత్రం మావి. కూలి లేదు, పిలిస్తే పోవడమే, దాని పేరు వెట్టి. పిలవడానికి వచ్చే పటేలు మనిషిని మేము చాటుగా దుడ్డుకర్ర అనేవాళ్లం. ఆ కర్ర లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. కర్రతో వాకిట్లో ఒక్కటి కొడితే చాలు, ఇంట్లో వాళ్లు అన్నం ముద్ద వదిలి లేవాలి.

ఆ బుధవారం పెద్దమ్మ కళ్లు మూసుకుని మోకాళ్ల మీద ఉంది. నా కోపం వరకు వచ్చింది. అప్పుడు గడపలో కర్ర చప్పుడైంది.

"లేవుండ్రి. కాలువ నీళ్లు మళ్లినయి. నరికిన చెరుకు ముక్కలు ఎండిపోతున్నయి, పొద్దుండంగనే నాటాలె" అన్నాడు దుడ్డుకర్ర.

పెద్దమ్మ కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో లేవడం ఆమెకు తెలియదు. "ప్రభువా, ఎవరో వచ్చిండు. ఆయిన్ని సుత జర కూసోబెట్టు" అని, మళ్లీ నా కోపం దగ్గరికే వచ్చింది. అతను కాసేపు నిలబడ్డాడు. (అబద్ధమెందుకు, నిలబడ్డాడు.) కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. కానీ మా పెద్దమ్మ ప్రార్థన అంతు చూసిన మగవాడు ఇంకా పుట్టలేదు. చివరికి చెప్పులతోనే మా కొత్త చాప తొక్కుకుంటూ వచ్చి, "లేవే ముసల్దానా" అని ఆమె భుజం పట్టి గుంజాడు. పెద్దమ్మ పక్కకు ఒరిగిపోయి ఒక చెయ్యి నేలకు ఆనించింది. ఆ ఒరుగులో కూడా కళ్లు తెరవకుండా, "దీని కోపం తియ్యి ప్రభువా" అంటూనే ఉంది.

ఆ మాట దగ్గరే నేను లేచాను. అతని చేతిలోని కర్ర నా చేతిలోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నా చేతిలో నుంచి ఎటు పోయిందో ఊరంతా చూసింది. అది వెళ్లి ఎదురుగా ఉన్న పెంటకుప్ప నడిమధ్యలో దిగబడింది.

"చెప్పులు ఇడిసి రా. లేకుంటే గడప అవతల నిలబడు" అన్నాను. "గామె దేవునితోని మాట్లాడుతున్నది. గది అయినంక అడుగు, వస్తదో రాదో."

"పటేలుకు చెప్త."

"చెప్పు. నేనే వస్త రేపు."

నా కోపం తీసేయమని వారం వారం ఆమెన్ కొట్టిన ఆడవాళ్లలో ఒక్కరు కూడా చేలోకి పోవడానికి మోకాళ్ల మీది నుంచి లేవలేదు. దుడ్డుకర్ర మోకాళ్ల లోతు పెంటలో దిగి కర్ర ఏరుకుంటుంటే పెద్దమ్మ పటేలు కోసం ప్రార్థించడం మొదలుపెట్టింది. ఆమెకు ఎవరినీ వదిలిపెట్టే అలవాటు లేదు.

మర్నాడు పటేలు వాకిట్లో నిలబడ్డాం. పెద్దమ్మ నా వెనక నా కొంగు పట్టుకుని ఉంది. నాకూ భయమే గానీ కోపంతో కలిసిపోయి అది బయటపడలేదు. "తల తిరుగుతున్నదా నీకు?" అన్నాడు పటేలు. "బుధవారం మాపు దేవుని యాళ్ల పటేలా. గప్పుడు పిలువద్దు. కాదంటే అందరం బోధన్ పోతం. కార్ఖానా కాడ మట్టి మోస్తే కైకిలి పైసలు ఇస్తుండ్రట" అన్నాను. ఆయన నన్ను చూశాడు, ఎండుతున్న చెరుకు ముక్కల కుప్పను చూశాడు. "బుధవారం మాపు పోకురా గటు" అని దుడ్డుకర్రతో అని మొహం తిప్పుకున్నాడు. వారమంతా ఆయనది, ఒక్క సాయంత్రం దేవుడిది. దానికే మేం రాజ్యం గెలిచినట్టు ఇంటికి వచ్చాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తరువాతి బుధవారం అయ్యగారు స్వయంగా వచ్చారు. సంగతంతా విన్నారని మొహం చూస్తేనే తెలిసింది. నా కొలువు పెంటకుప్పలోనే దిగబడిందనుకున్నాను. పెద్దమ్మ మోకరించింది. ఈయన ముందర కూడా మొదలుపెడుతుందా అని పళ్లు బిగించాను.

"ప్రభువా, దీని కోపం తియ్యమని నిన్ను శాన దినాల సంది సతాయించిన. నువ్వు ఇనలేదు. ఎందుకు ఇనలేదో మొన్న ఎర్కయింది. జర ఆగు. నేను మల్ల చెప్పేదాంక తియ్యకు."

గుడిసె కప్పు లేచిపోయేంత ఆమెన్ వినిపించింది. అయ్యగారు దగ్గి, కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, "ఏర్గట్ల దిక్కు ఒక పల్లె బడి ఉన్నదమ్మా. పిల్లలను బడిలకెల్లి పసుపు చేలకు గుంజుకపోతున్నరు. పంతులు నోరు తెరువడు. నువ్వు పోతవా?" అని అడిగారు. పోయాను. అక్కడి కథ చెప్పడం మొదలుపెడితే మళ్లీ కోపం వస్తుంది.

పెద్దమ్మ చివరి రోజులు నా దగ్గరే గడిచాయి. ఒక సాయంత్రం కాళ్లు ఒత్తుతూ, "పెద్దమ్మా, నా కోపం సంగతి దేవునికి ఇంక చెప్పరాదా, ఎన్నేండ్లు ఆగుతడు?" అని నవ్వులాటకు అడిగాను.

"మనూరి పటేలు ఉన్నడా పోయిండా?" అంది.

"పోయిండు. కొడుకు కూసున్నడు గద్దె మీద."

"అయితే ఉండనియ్యి" అని అటు తిరిగి పడుకుంది. ఆ తరువాత ఆ మాట ఎత్తకుండానే పోయింది.

ఇప్పుడు నా మనవరాళ్లు, ఈ వయసులో ఇంత కోపమేంటి అమ్మమ్మా అని విసుక్కుంటారు. చాప లాగిన ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. బుధవారం మాపున మోకరించి, "ప్రభువా, నా కోపం" అనేదాకా వస్తాను. అంతలో పెద్దమ్మ ఆగమని చెప్పిన సంగతి గుర్తొస్తుంది. అది వదిలేసి వేరేది అడుగుతాను.