నలభై మందికీ ఒక్కటే నంబరు

ముందే ఒప్పేసుకుంటున్నాను, గోరంతను కొండంత చేయనిదే నాకు అన్నం అరగదు. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి గానీ వినదు. మీరూ అలాగే వినండి, ఏది కల్పించానో చివర్లో నేనే చెప్పేస్తాను.

ఈ ఉదయం రియాద్‌లో నా గదిలో కూర్చుని ఆఫీసు కంప్యూటర్లోకి వెళ్దామంటే, పాస్‌వర్డుకు గడువు తీరిందనీ, కొత్తదానిలో పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉండాలనీ, పాత పాస్‌వర్డుల పోలిక మాత్రం ఉండకూడదనీ చెప్పి, అది చాలదన్నట్టు ఫోనుకు కోడు పంపి, మొహం చూపించమంది. ఇన్నేళ్ళు అదే కంపెనీ ఉప్పు తిన్న నన్ను నువ్వు నువ్వేనా అని పదిహేడు సార్లు అడిగేసరికి నాకే అనుమానమొచ్చి, లేచి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ఆ చిరాకులోనే ఈ ఊరి చివర సులై పేటలోని మా పాత గోదాము గుర్తుకొచ్చింది.

అప్పుడు నేనక్కడ స్టోర్ కీపర్ని. క్యాంపులో నలభై మందిమి. మన కాలంలో ఇక్కడికొచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చేరిన రోజే ఫారంలో మొబైల్ నంబరు రాయమంటారు, మనకేమో సిమ్ము కూడా ఉండదు. అందుకని వచ్చిన ప్రతివాడూ పాతబస్తీ నుంచి వచ్చిన డ్రైవర్ భాయి నంబరే రాశాడు. ఊళ్ళల్లో మా అందరి ఇళ్ళ గోడల మీదా బొగ్గుతో రాసి ఉండేది ఆ నంబరే. ఏ ఊరి నుంచి ఎవరి తల్లి ఫోన్ చేసినా ఆయనే ఎత్తి, గది గదికీ తిరిగి మనిషిని వెతికి ఇచ్చేవాడు. తర్వాత అందరం సొంత సిమ్ములు కొనుక్కున్నాం గానీ, ఫారంలో నంబరు మార్పించాలన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు, నాతో సహా.

ఇంతలో జిద్దాలోని హెడ్డాఫీసు కొత్త ఆచారం పెట్టింది. ఇకమీదట సెలవు కావాలంటే కాగితం చెల్లదు, ఎవరికి వారు ఇక్కడి నుంచే అక్కడి కంప్యూటర్లోకి తమ పేరు మీద వెళ్ళి అడగాలి, మొదటిసారి వెళ్ళేటప్పుడు ఫారంలో ఉన్న నంబరుకు ఆరంకెల కోడు వస్తుంది, మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకు తాళం.

ఆ వారం సెలవు పెట్టాల్సినవాడు మామ. జగిత్యాల వైపు మేస్త్రీ, రోజంతా మేనకోడలి ముచ్చటే కాబట్టి క్యాంపంతా ఆయన్ను మామ అనే పిలిచేది. ఆ పిల్ల పుట్టు వెంట్రుకలు మేనమామ ఒళ్ళో తప్ప తీయించనని చెల్లెలు పట్టుబట్టింది. మూడో ఏడు వచ్చే నెలతో దాటిపోతోంది, దాటితే మళ్ళీ ఐదో ఏట గానీ తీయకూడదు. ఆ నెల సెలవుల జాబితా గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు, అందులో పేరుంటేనే దేశం దాటి వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా.

గురువారం పొద్దున మామ నా పక్కన స్టూలు మీద కూర్చుని, "రెండు జడలేస్తున్నరట తమ్మీ, జెర జల్ది కానియ్యి" అన్నాడు.

కోడు పంపమని నొక్కాను. అది సరాసరి డ్రైవర్ భాయి జేబులోకి వెళ్ళింది. ఆయనేమో పైపుల లోడుతో ఎక్కడో ఉత్తరాన హాయిల్ ఊరికి పోయే దారిలో ఉన్నాడు, బండి నడిపేటప్పుడు సాక్షాత్తూ వాళ్ళ అత్తగారు చేసినా ఫోన్ ఎత్తని నియమం ఆయనది. పదకొండింటికి పెట్రోలు బంకులో ఆగి ఎత్తాడు.

"అరె భాయ్, ఇరవైమూడు కోడ్లొచ్చినయి. మామది ఏదో దానిమీద రాసిలేదు."

విషయమేమిటంటే, నేను మామ కోసం కుస్తీ పడుతుంటే క్యాంపులో మిగతావాళ్ళందరూ తమ తమ ఫోన్లలో అదే పని మొదలుపెట్టారు. ఆఖరున వచ్చింది చదవమని, అది కొట్టాను, తప్పు. దాని ముందుది కొట్టాను, తప్పు. ఇక ఒక్కటే మిగిలింది. అప్పుడు ఇంకెవరి కోడూ అడ్డు రాకుండా క్యాంపులోని ఫోన్లన్నీ పోగేసి, బిర్యానీ వండే పెద్ద డేగిసాలో వేయించి, మూతపెట్టి, మూతమీద వంటాయన్ని కూర్చోబెట్టి, కోడు పంపమని మళ్ళీ నొక్కాను. ఎర్రటి ఎండలో ఆ బంకు పక్కకు లారీ తీసి నిలబడి, ఒక్కో అంకే రెండేసి సార్లు చదివాడు భాయి. నా వెనక మిగతా క్యాంపంతా గుమిగూడింది. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా సెలవు నమోదైంది. ఈలలకు గోదాము రేకులు లేచాయి.

ఇప్పుడు నంబరు నాదే, ఫోను నాదే, కోడు రెప్పపాటులో నా జేబులోకే వస్తుంది. నలభై మంది కోసం లారీ ఆపేవాడి అవసరం ఎవరికీ లేదు, అలాంటివాడూ లేడు. పొద్దున ఆ కోడు కొడుతుంటే నా వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

సరే, మాటిచ్చాను కాబట్టి చెప్తున్నాను. డేగిసా నిజం, మూతమీద వంటాయనా నిజం, నలభై మందీ నిజం. సెలవు నమోదైందన్నదే కల్పించాను. భాయి సరిగ్గానే చదివాడు. తొందరలో ఆరో అంకె దగ్గర పక్క మీట నొక్కింది నేను. తాళం పడింది. మామ స్టూలు మీంచి లేచి, నా భుజం మీద చెయ్యేసి, "పోనీ తియ్యి తమ్మీ, జుట్టే గద, ఇంకింత పెరుగుతది" అన్నాడు. రెండేళ్ళు పెరిగింది.