మూడు చుట్ల రాగి తీగ

నేను అబద్ధాలు చెబుతానని కాలనీలో అందరికీ తెలుసు. తెలిసే వినేవాళ్లు. చొప్పదండిలో మా మేనమామ చుట్టిన మోటారు కరెంటు పోయాక కూడా మూడు రోజులు తిరిగిందనీ, ఆపడానికి ఎద్దులను కట్టాల్సి వచ్చిందనీ ఒకసారి చెప్పాను. ఒకాయన, ఎన్ని జతలు కట్టారని అడిగాడు. అంత బాగా చెప్పేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుగని వర్క్‌షాపులో మోటార్లకు తీగ చుట్టే పని నాది. పర్మినెంటు కాదు, బదిలీ కూలీని, ఎవరైనా రాని రోజు వాళ్ల బదులు పని. కాలిన మోటార్లలోంచి తీసిపారేసిన పాత తీగలో వెంట్రుకంత సన్నది కూడా దొరికేది. అన్నం తిన్నాక మిగిలే కాస్త సమయంలో దాంతో సైకిళ్లు, రిక్షాలు చేసేవాణ్ణి. అవి చూసే ఫోర్‌మన్ నన్ను పిలిచాడు. పెద్ద సారు రిటైరవుతున్నాడట. గని పక్క రైలు సైడింగులో బొగ్గు డబ్బాలు గుంజే ఆవిరి ఇంజిన్‌కు జానెడు నమూనా చేసి, అద్దాల పెట్టెలో పెట్టి ఇవ్వాలట.

"మంచిగ చేసినవనుకో, పర్మినెంటు లిస్టుల నీ పేరు నేనే రాపిస్త," అన్నాడు.

ఇంజిన్ ఒళ్లంతా నూనె డబ్బా రేకుతో అయిపోయింది. అసలు పని తీగది. తీగ ఒక కొస తలుపు గొళ్లానికి కట్టి, రెండో కొస పటకారుతో పట్టి మెల్లగా లాగాలి. ఒకచోట అది కాస్త సాగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపితే ఈతపుల్లలా నిటారుగా నిలుస్తుంది. ఆపకపోతే తెగి మొహాన కొడుతుంది. తర్వాత పైనున్న వార్నిష్ కాల్చి, బ్లేడుతో గీకాలి, లేకుంటే టంకం అంటదు. సూదికి చుట్టి మెలిపెడితే చిన్న కన్ను వస్తుంది. అలాంటి కళ్లు రేకుకు గుచ్చి, వాటిలోంచి తీగ పోనిస్తే అదే పట్టుకడ్డీ. లావు తీగ మీద సన్న తీగ ఒత్తుగా చుడితే బ్రేకు గొట్టం.

కొలతల కోసం సైడింగుకు పోయాను. అక్కడ షంటింగ్ చేసే అన్న మా పక్క క్వార్టరే. బోథ్ వైపు మనిషి. ఇంజిన్ పక్క మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో జెండా ఊపుతూ పోయేవాడు. నా అబద్ధాలకు మొదటి గిరాకీ ఆయనే.

"అన్నా, ఎడమ దిక్కు కడ్డీ ఏంది గిట్లున్నది?"

"కింది కొస ఇరిగింది తమ్మీ. రెండు నెలలాయె. చెప్పి చెప్పి యాష్టకొచ్చి, ఇంజిన్ల బొగ్గేసే ఫైర్‌మన్ తీగెతోని కట్టిండు."

"బొమ్మల గూడ గట్లనే చెయ్యాల్నా?"

"ఉన్నదున్నట్టు చెయ్యి. నీ జన్మల ఒక్కటన్న నిజం ఉండనియ్యి."

చేశాను. కడ్డీ కింది కొస తుంచి, అన్నిటికన్నా సన్న తీగతో మూడు చుట్లు చుట్టి ముడేశాను. దానికే ఒక పూట పట్టింది. ఫోర్‌మన్ కళ్లద్దాలు ఎత్తి చూసి నవ్వాడు. "ఓరినీ, కట్టు గూడ పెట్టినవా," అని భుజం తట్టాడు.

పది రోజులకు ఇంజిన్ మీది అసలు కట్టు జారింది. అన్న మెట్టు మీద నుంచి పట్టాల పక్కన పడ్డాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. తెల్లారేసరికి ఇంజిన్‌కు కొత్త కడ్డీ అతికి, రంగు కూడా పూశారు. కడ్డీ ఎప్పుడూ బాగానే ఉందని అందరూ అన్నారు. కట్టిన ఫైర్‌మన్ కూడా తనకు యాది లేదన్నాడు. ఎంక్వైరీలో తప్పు అన్నదేనని తేలితే కొలువు పోతుంది. కడ్డీదని తేలితే, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో కూర్చుని చేసే పని ఇస్తారు.

ఆసుపత్రికి పోతే అన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నేను పడకముందే చేసినవ్ గదా బొమ్మ. ఫోర్‌మన్ గూడ చూసిండు. తీస్కపోయి ఎంక్వైరీల బల్ల మీద పెట్టు. నువ్వేం మాట్లాడకు, నువ్వు మాట్లాడితె ఎవడు నమ్మడు. బొమ్మ జూపియ్యి, చాలు."

సరేనన్నాను. మరునాడు నేను నోరు తెరవకముందే ఫోర్‌మన్ అన్నాడు: "అంత మంచిగనే ఉన్నది గని, ఆ కట్టు తీసెయ్యి. రిటైర్మెంటుకిచ్చే దాన్ల ఇరిగిన కడ్డీ ఏంది? రేపు లిస్టు పోతది, నీ పేరు రాసిన."

ఎంక్వైరీ ఊసే ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. బెదిరించి ఉంటే నాకు కోపం వచ్చేదేమో. కోపమొస్తే ఏదైనా చేసేవాణ్ణేమో.

సూది మొనతో ముడి లేపాను. బీడీ కాలినంత సేపు కూడా పట్టలేదు విప్పడానికి. కొత్త తీగ గొళ్లానికి కట్టి లాగి, కళ్లలోంచి పోనిచ్చి, గుగ్గిలం అద్ది టంకం పెట్టాను. అంత తిన్నని కడ్డీ అసలు ఇంజిన్‌కు ఏనాడూ లేదు.

సాయంత్రం అన్నకు ఒక కథ చెప్పాను. ఫోర్‌మన్ బొమ్మను బీరువాలో పెట్టి తాళమేశాడనీ, తాళంచెవి పట్టుకుని హైదరాబాద్ పోయాడనీ, పది రోజుల దాకా రాడనీ. ఆయన చివరిదాకా విన్నాడు. నీళ్లిమ్మన్నాడు. గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

"గుగ్గిలం వాసనొస్తున్నది. గిప్పుడే టంకం పెట్టొచ్చినవా?"

"మోటరు పనున్నదన్నా."

ఆయన చెయ్యి వదిలేసి నీళ్లు తాగాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

తప్పు ఆయనదేనని రాశారు. నేను పర్మినెంటయ్యాను. అన్న వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి బోథ్ పోయిన రోజు, నాది కాని షిఫ్టు అడిగి మరీ డ్యూటీకి పోయాను.

ఈ కథ ఇప్పుడు కూడా చెబుతుంటాను, కానీ ఇలా కాదు. అందులో నేను ఎంక్వైరీ గదిలోకి దూసుకుపోయి బొమ్మను బల్ల మీద పెడతాను. సార్లంతా భూతద్దం తెప్పించుకుని ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. మొన్న హుజూరాబాద్‌లో ఒక పెళ్లిలో చెబితే, పక్కన కూర్చున్న ముసలాయన భోజనం ఆపి విన్నాడు.

"మరి గాయినెకు కొలువు దొరికిందా బిడ్డా?"

"దొరికింది పెద్దయ్యా. ల్యాంపు రూముల."

ముసలాయన మొహం విప్పారింది. అది చూసి, అన్న కొడుక్కు కూడా అక్కడే ఉద్యోగం వచ్చిందని చెప్పాను.