ఇంటికొక చెంబుతో బిగిసిన చక్రం

కాలిన పెనం మీద మా కోడలు నీళ్లు చిలకరిస్తే చుయ్యిమంటుంది. ఆత్మకూరులో ఈ ఇంట్లో ఎవరికీ అది పట్టదు. నాకు మాత్రం ఉదయగిరి కొండ కింద మా మామ కొలిమి కళ్ల ముందుకొస్తుంది. మా ఆయనకు తండ్రి, మీరెవరూ ఆయన్ను చూడలేదు. చూసి ఉంటే ఎంత బాగుండేదో! పెద్ద గొంతు, నోరు తెరిస్తే తిట్టు. ఇప్పుడు ఆ తిట్లకే మొహం వాచి ఉన్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను కొలిమికి గాలి కొట్టే తిత్తి లాగమన్నాడు. ఎర్రగా కాలిన ఇనుప పట్టాను బండిచక్రానికి తొడుగుతుంటే, "ఇంత వదులుగా ఉండాదే, దారిలో ఊడిపోదా మామా?" అన్నాను.

"నీ మొహం! ఇనుము వేడికి సాగతాది, చల్లారితే ముడుచుకుంటాది. ఆ ముడుచుకునేదే మనకు కూడు పెట్టేది. నీళ్లు పొయ్యి, చూద్దువు."

పోశాను. గుప్పున ఆవిరి లేచింది, చక్రం కిర్రుమని బిగిసింది. నేను చప్పట్లు కొడితే లోపల మురిసిపోతూనే పైకి కసిరాడు.

తర్వాత ధాత సంవత్సరంలో పెద్ద కరువొచ్చింది. ఎద్దులు బతికున్న బండి మా వీధిలో ఒక్కటే మిగిలింది. ఆ ఎండలకు దాని చక్రం కట్టె ఎండి కుంచించుకుపోయి, పట్టా జారిపోయింది. ఆ బండి నెల్లూరు పోయి గింజలు తెస్తేనే మాకు గంజి. పట్టాను కాస్త కోసి, అతికి, మళ్లీ కాల్చి తొడగాలి. తొడిగిన వెంటనే నీళ్లు పోయకపోతే చక్రమే తగలబడిపోతుంది. బావిలో నీళ్లా, గొంతు తడుపుకోవడానికే చాలవు.

మామ వీధిలో నిలబడి కేకేశాడు. "ఇంటికొక చెంబు తెండి! తాగే నీళ్లేనని నాకూ తెలుసు. బండి కదలకపోతే మనకు గంజి లేదు!"

తిట్టుకుంటూనే తెచ్చారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె చెంబు ఇచ్చింది గాని చెయ్యి వదల్లేకపోయింది. "తీసకపో తల్లీ, పోసినట్టే అనుకుంటా" అని మామ ఆమెను పంపేసి, దానికి బదులు తన వంతు నీళ్లు తెచ్చిపెట్టాడు.

"మరి నీకు మామా?"

"నాకు దప్పికేందే? కొలిమి కాడ పుట్టినోణ్ణి."

నా మాట వినే మనిషా ఆయన!

పట్టా బిగిసింది. పోసిన నీళ్లన్నీ మట్టిలో ఇంకిపోయాయి. బండి కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి, మామ అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. తడిగుడ్డ వేద్దామంటే ఇంట్లో తడి లేదు. పక్కింట్లో అడిగి గుక్కెడు తెచ్చి నోట్లో పోశాను.

"చక్రం బాగా పట్టిందా?" అన్నాడు.

"పట్టింది మామా."

"మరి ఏడస్తావేంది, పిచ్చిదానా!"

అదే ఆఖరి తిట్టు. తెల్లారేసరికి ఆయన లేడు.

బండి గింజలతో తిరిగొచ్చింది, వీధంతా గంజి కాచుకుంది. ఆయన కోసమే నేనూ మింగాను. ఎన్ని ఏళ్లు పోయినా ఆ మనిషి కావాలనే ఉంది నాకు. ఇప్పటికీ ఎవరైనా ముసలాయన ఎండన పడొచ్చి దప్పిక లేదంటే నేను నమ్మను. చెంబు చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడతాను.