బిక్షం వేసిన శనగలు

చిలకలగూడ బిక్షం ఇరవై రెండేళ్లుగా ఒక ప్రయోగశాలలో ఎలుకలకు మేత వేస్తాడు, బోన్లు కడుగుతాడు, బరువులు తూచి రాస్తాడు. ఏం పనని చుట్టాలడిగితే మాత్రం "సైన్సుల ఉన్న" అంటాడు.

ఈసారి ప్రయోగం యామినిది. కాకినాడ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ఒంట్లో మెగ్నీషియం లోపిస్తే కొవ్వు తిండి ఇంకెంత చెరుపు చేస్తుందో ఆమెకు తేలాలి. మొత్తం ఇరవై నాలుగు ఎలుకలు. అందులో ఆరింటికి మెగ్నీషియం తీసేసి, కొవ్వు దట్టించిన మేత; మిగతావి వాటితో పోల్చి చూసుకోడానికి. "వేరే గింజ ఒక్కటి కూడా పడకూడదు బిక్షం గారూ" అని మరీమరీ చెప్పింది.

రెండో వారానికి ఆ ఆరింటి చెవులు ఎర్రబడ్డాయి. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి మూలకు దూరేవి. ఒకటైతే బిక్షం కళ్లముందే గిలగిలా కొట్టుకుని పడిపోయింది. ఆయన ప్రాణం విలవిల్లాడింది. భార్య దేవమ్మ రోజూ నానబెట్టి డబ్బాలో పెట్టిచ్చే శనగలు తలా నాలుగు వేశాడు. మర్నాడూ వేశాడు. నెల తిరిగేసరికి చెవుల ఎరుపు తగ్గింది. తన చేతి చలవేనని మురిసిపోయాడు కూడా, పిచ్చి మారాజు!

శనివారం నెత్తురు పరీక్షల కాగితాలు పట్టుకుని యామిని పరుగున వచ్చింది.

"చూశారా బిక్షం గారూ! కొవ్వు తిన్నవాటికి లోపమే తెలియట్లేదు. అందరూ అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు. సోమవారం మా సార్‌కి చూపిస్తున్నా."

అది కొవ్వు మహిమ కాదు, శనగల్లో ఉన్న మెగ్నీషియందని బిక్షం ఒక్కడికే తెలుసు.

ఆదివారం అన్నం సహించలేదు. "ఏందీ, గిట్ల పరేషానున్నవ్?" అంది దేవమ్మ. సంగతి విని, "పాపమని పెట్టినవ్, గండ్ల తప్పేముంది?" అంది. తప్పేమిటో ఆయనకు తెలుసు. తను నోరు మూసుకుంటే ఆ పిల్ల అబద్ధాన్ని నిజమని నమ్మి, కింద తన పేరు రాసుకుంటుంది.

సోమవారం సార్ గది ముందే ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"మేడం, అది కొవ్వు కాదు. నేను రోజూ శనగలేసిన. తక్లీఫ్ పడుతుంటే చూడలేకపోయిన."

యామిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతిలో కాగితాలు మడిచి, "మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. కొత్తవి ఇరవై నాలుగు తెప్పించాలి" అంది.

"మరి గివి?"

"ఇంకెందుకూ పనికిరావు కదండీ" అంది, బోన్ల వైపు చూడకుండా.

సార్ మెమో ఇచ్చి ఊరుకున్నాడు. బిక్షం మాత్రం తనను తాను క్షమించుకోలేదు. ఆరింటి మీద జాలిపడి, ఇరవై నాలుగింటి చావును వృథా చేశాడు. ఇంకో ఇరవై నాలుగింటిని తెప్పించి బోన్లలో పెట్టించాడు.

కొత్తవాటిలోనూ ఆరింటి చెవులు ఎర్రబడ్డాయి. ఒకరోజు పొద్దున వాటిలో ఒకటి కొట్టుకుని పడిపోయింది. బిక్షం చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. డబ్బా కావాలనే ఇంట్లో వదిలి వచ్చాడు. ఆ చేత్తోనే పెన్ను తీసి, నంబరూ టైమూ సరిగ్గా రాశాడు.