పిడుగు పడిన మర్నాడు

మొన్న వికారాబాద్ బస్టాండులో ఉండగా ఉన్నట్టుండి ఉరిమింది. అందరూ గొడుగులు వెతుక్కుంటుంటే నేను చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడ్డాను. ఈ వయసులో ఉరుముకు భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. పిడుగు పడిన రోజు మా మేనత్త గొర్రెలను చూసినవాళ్లెవరూ నవ్వరు.

అత్తది పెద్దేముల్ దగ్గరి పల్లె. మామ పోయాక మందను తనే తోలుకుపోయేది. గొర్రెలకు చుట్టాల గుణాలు అంటగట్టి తిట్టడం ఆమెకు సరదా. ఒకటి అచ్చం మా అమ్మలాగే మూతి తిప్పుతుందట. ఆ మాట మా అమ్మ ముందే అనేది. ఏటా మల్లన్న జాతరకు పోయి, మనుషులందరినీ మరిచి మంద కోసమే మొక్కుకుని వచ్చేది.

ఒక వానాకాలం మొదట్లో, మధ్యాహ్నం పూట ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "మీ అత్త గొర్ల మీద పిడుగు వడ్డదక్కా" అన్నారు. రైల్లో తాండూరు దాకా, అక్కణ్నుంచి ఆటోలో ఎట్లా పోయానో నాకే తెలియదు. పొలం గట్టున తుమ్మచెట్టు కింద, వానకు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ మంద అట్లాగే ఒరిగిపోయి ఉంది. ఒంటి మీద గాయాలు లేవు. కొన్నింటి నోట్లో గడ్డిపరకలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పిలిస్తే లేచి వస్తాయేమో అనిపించింది. తప్పిపోయిన ఒక గొర్రెను వెతుక్కుంటూ వాగు వైపు పోబట్టి అత్త బతికింది. ఆ గొర్రె ఆమె కొంగు నములుతూ పక్కనే నిలబడింది.

"ఏటేటా మొక్కితివి. గా దేవుడే నిన్ను గిట్ల కొట్టె గదనే!" అంది ఊళ్లో ఒకావిడ, కళ్లొత్తుకుంటూ.

అప్పటిదాకా రాయిలా కూర్చున్న అత్త తలెత్తింది. "దేవుడెందుకు కొడ్తడే? కొట్టింది పిడుగు. గా పాపం దేవుని మీదెయ్యకు."

చచ్చిన మంద పక్కన కూర్చుని ఆమె దేవుణ్ని వెనకేసుకొస్తుంటే, వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను.

మర్నాడు తెల్లవారి చూస్తే మంచం మీద అత్త లేదు. బావి దగ్గరికి పరుగెత్తాను. అక్కడా లేదు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఆ ఒక్క గొర్రెను ముందు పెట్టుకుని పొలం దారిన పోతూ కనిపించింది.

"ఎక్కడికత్తా?" అని అరిచాను.

"మేపనీకె బిడ్డా. దీనికి ఆకలైతలేదా?" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "జర భయమైతున్నది. నువ్వు గూడ నా ఎన్క రా."

పోయాను. ఇద్దరం ఆ తుమ్మచెట్టు వైపు చూడకుండా నడిచాం.

ఆ వారంలోనే పక్కింటి చాచా తన మేకలను తెచ్చి అత్త వాకిట్లో కట్టేశాడు. తాండూరులో రాళ్లకు పాలిష్ పట్టే పని ఆయనది. "ఫికర్ చెయ్యకు చెల్లె. ఇవి గూడ తోల్కపో. పుట్టిన పిల్లలల్ల సగం నీవే" అన్నాడు. మేకలకు మర్యాద తెలియదని సణుగుతూనే అత్త వాటిని కొన్నేళ్లు మేపింది. తన వాటా పిల్లలను అమ్మి గొర్రెలు కొంది. ఇప్పుడామె మంద మళ్లీ దారి నిండా పోతుంది.

కాలమే అన్నీ మాన్పుతుందంటారు. మా అత్త దాని కోసం కూర్చోలేదు. కాలమే ఆమె వెనకాల నడిచి వచ్చింది.