సాయవ్వ జడను చూసి కుళ్ళుకున్న రోజులు

ఇంటి ముందు దూదేకులాయన పాత పరుపు విప్పి విల్లు మీటుతున్నాడు. ఆ మోతకు దూది గాలిలోకి లేచి వచ్చి నా తల మీద వాలింది. పోగు పోగు ఏరుకుంటూ ఉంటే సాయవ్వ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళయినా ఆమె పేరు తలచుకుంటే నాలో ముందు లేచేది ప్రేమ కాదు, అసూయే. ప్రేమ తర్వాత మెల్లగా వస్తుంది.

పటాన్‌చెరు వైపు ఈ ఫ్యాక్టరీలేవీ లేని యాభైలనాటి సంగతి. సంగారెడ్డి దాటి జోగిపేట పోయే దారిలో ఒక పత్తి మిల్లు ఉండేది. గింజ తీసిన పత్తిని బోరా సంచుల్లో తొక్కే పని నాది. అప్పట్లో నాది మగ పేరు, మగ బట్టలు. లోపల ఉన్నది ఆడపిల్లేనని నాకు తప్ప మరొకరికి తెలియదు. నావంటి వాళ్ళు చీరలు కట్టుకొని కలిసి బతికే ఇల్లొకటి హైదరాబాద్‌లో ఉందని విని, ఒకసారి వెళ్ళి వచ్చాను. అక్కడి పెద్దమ్మ నా గుండు తడిమి, "కొప్పు ముడిచేటంత జుట్టు పెంచుకొని రా బిడ్డా. అప్పటికీ మనసు మారకుంటే నా దగ్గరనే ఉందువు" అంది. ఆ గుండు మా అన్న చేయించిందే. జుట్టు కాస్త మెడ దాటితే చాలు, రెక్క పట్టుకొని మంగలి ముందు కూలేసేవాడు. అందుకే ఇల్లు వదిలి ఆ మిల్లులో చేరాను. దూది దుమ్ముకు అక్కడ మగవాళ్ళందరూ తలకు రుమాలు చుట్టుకునేవారు. కూలీల కొట్టంలోనే పడుకునేదాన్ని. రుమాలు కింద ఏం పెరుగుతోందో అడిగే దిక్కు లేదు.

సాయవ్వ ఆడకూలీలకు ముకద్దం, అంటే వాళ్ళకు పనులు పంచే పెద్ద. నలభై ఏళ్ళుంటాయి, నడుము దిగిన జడ. మధ్యాహ్నం గంట కొట్టగానే మగవాళ్ళు బీడీలకు పోయేవారు. ఆడవాళ్ళు గోదాం నీడలో ఒకరి వెనక ఒకరు వరుసగా కూర్చొని, ముందున్న మనిషి జుట్టులో ఇరుక్కున్న దూది ఏరేవారు. కబుర్లు, నవ్వులు, మధ్యలో ఒక మొట్టికాయ. వరుసకు ముందు సాయవ్వ జడ విరబోసుకొని కూర్చునేది.

"ఈ ఎంటికలొక పీడ. ఒకనాడు కోసి పారేస్త" అనేది.

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయేది. నేను చెమటలో, దురదలో బెత్తెడు జుట్టు కోసం చస్తుంటే ఈమెకు అది పీడ అట! ఆమె తలలో పేలు పడాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. తీరా ఆ పేలు చూడటానికైనా నన్ను ఎవరూ పిలవరని తట్టి ఇంకా కుళ్ళుకున్నాను.

బోరా చాటు నుంచి అలా చూస్తూ ఒకరోజు దొరికిపోయాను.

"ఏంది పిల్లగా, గుటకలు మింగుతున్నవ్? లగ్గం చేసుకోరాదు!" అంది సాయవ్వ. వరుస వరుసంతా పకపకా నవ్వింది. ఆడపిల్లల పిచ్చోడినని మిల్లంతా పేరు పడింది. ఆ చెడ్డ పేరు నాకు మంచి మరుగైంది.

రెండో ఏడు చలికాలం వెళ్ళేసరికి జుట్టు భుజాలకు దిగింది. అప్పుడే మిల్లులో పత్తి పోతోందని సేటు మగవాళ్ళందరి రుమాళ్ళూ విప్పి చూడమన్నాడు. గేటు దగ్గర జమాదారు ఒక్కొక్కరినీ ఆపుతున్నాడు. నా వంతు వచ్చింది. ఆ రుమాలు జారితే పని పోతుంది, కబురు అన్న దాకా పోతుంది, మళ్ళీ గుండే. రెండు చేతులా రుమాలు అదిమి పట్టుకున్నాను.

"రుమాల్ ఇప్పు, జల్దీ!"

వెనక నుంచి సాయవ్వ గంప దించి ముందుకొచ్చింది. "వాని తల నిండ పుండ్లయినయ్, సీము కారుతున్నది. ముట్టుకుంటవా? ముట్టుకో. జెర దూరం జరగుండ్రే మీరు!"

జమాదారు చెయ్యి వెనక్కి తీసుకొని, "ఛీ, పో పో" అన్నాడు.

మర్నాడు ఆమెను అడిగాను, నా రుమాలు కింది సంగతి ఎలా తెలుసని. "మొగపిల్లలు యాడ సూస్తరో నాకెరుక లేదా? నువ్వెన్నడు సూసినా ఎంటికలనే సూస్తివి" అంది. దండం పెట్టాల్సిన చోట నాకు ఆమె మీద మళ్ళీ అసూయే పుట్టింది. అబద్ధం కూడా ఎంత ధీమాగా ఆడింది! అంత ధీమా నాకు ఏనాటికి వస్తుందో అనిపించింది.

ఎండలు ముదిరి ఆ ఏటికి మిల్లు మూసే రోజు మధ్యాహ్నం, అందరూ తినడానికి పోయాక, సాయవ్వ నన్ను గోదాంలోకి పిలిచి తన ముందు కూర్చోబెట్టుకుంది. రుమాలు విప్పి దూది ఏరడం మొదలుపెట్టింది. నా జీవితంలో ఒక ఆడమనిషి నా జుట్టులో వేళ్ళు పెట్టడం అదే మొదలు. కాసేపటికి ఆ చెయ్యి ఆగింది.

"ఏమైందవ్వా?"

"ఏం గాలే. నాదేమో పాయలు పాయలు ఊడుతున్నది. నీకేందే గింత ఒత్తుగ? కడుపు మండుతున్నది, పో!" అని ఒక పాయ పట్టుకొని గట్టిగా గుంజింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేళాకోళమేమో అని తిరిగి చూశాను. కాదు, మూతి నిజంగానే ముడుచుకొని ఉంది. ఆ ముడుచుకున్న మూతితోనే నాకు కొప్పు చుట్టి పంపింది.

ఆ సాయంత్రమే హైదరాబాద్ బస్సెక్కాను. తర్వాతి బతుకులో నన్ను చూసి జడుసుకున్నవాళ్ళున్నారు, జాలిపడ్డవాళ్ళున్నారు, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి దీవించమని కొంగు పట్టినవాళ్ళున్నారు. కానీ ఒక ఆడది మరో ఆడదాన్ని చూసి కుళ్ళుకున్నట్టు నన్ను చూసి కుళ్ళుకున్నది సాయవ్వ ఒక్కతే.