పికరింగ్ గారి మారిస్ మైనర్

ఇంగ్లండులోని కెటరింగ్‌లో సిరిల్ పికరింగ్ గారు ప్లాస్టిక్ ముక్కలు అతికించి పాతకాలపు కార్ల నమూనాలు చేస్తారు. పదకొండేళ్లుగా భోజనాల బల్ల ఆ కార్లదే. భార్య హిల్డా కంచం ఒళ్లో పెట్టుకుని తింటుంది. ప్రతి శనివారం నమూనాల క్లబ్బులో భూతద్దం పట్టుకుని ఎదుటివాళ్ల కార్లలో తప్పులు వెతకడం ఆయన చేసే సంఘసేవ. "ఈ అద్దం అరవై రెండులో వచ్చిందయ్యా, నీ కారేమో అరవైది!" అంటూ పెద్దపెద్ద మగవాళ్ల చేత కన్నీళ్లు పెట్టించారు.

ఈసారి క్లబ్బు పోటీకి వాళ్ల నాన్న నడిపిన మారిస్ మైనర్ కారును అచ్చు దింపారు. చూడ్డానికొచ్చిన అక్క డోరీన్ టీ కప్పుతో వంగి, "మరి సొట్టేదిరా?" అంది.

"ఫ్యాక్టరీలోంచి సొట్టతో రాలేదక్కా."

"మనల్ని సముద్రానికి తీసుకెళ్లింది ఫ్యాక్టరీవాళ్లా? నువ్వు సైకిలుతో ఎడమ తలుపును గుద్దేశావు. నాన్న కారు వైపు చూడకుండా నీ మోకాలు చూశాడు."

ఆమె వెళ్లాక సిరిల్ గారు చెంచా వేడిచేసి, ఎడమ తలుపు మీద మెల్లగా నొక్కారు.

శనివారం న్యాయనిర్ణేత, సొట్ట ఉన్నందుకు సిరిల్ గారే రాసిన నిబంధన ప్రకారం, ఐదు మార్కులు కోసేశాడు. "కింద పడేశారా ఏంటండీ?" అని అడిగాడు.

"లేదు. గుద్దాను," అన్నారు సిరిల్ గారు. "నాకప్పుడు ఆరేళ్లు."